పేర్రాజు గారికి దండ

మా పురపాలక సంఘం కొత్త భవనంలో మీరు ఏ తప్పయినా చెయ్యవచ్చు, గోడకు మేకు మాత్రం కొట్టకూడదు.

వేళాకోళానికి అనడం లేదు. లిఫ్టు దగ్గర, మెట్ల దగ్గర, చివరికి మరుగుదొడ్డి తలుపు మీద కూడా "గోడలకు మేకులు కొట్టరాదు" అని బోర్డులున్నాయి. ఆ బోర్డుల్ని కూడా మేకులతో కొట్టలేదు, జిగురుతో అంటించారు. నెలకి ఒకటో రెండో ఊడి ఎవరో ఒకరి కాలి మీద పడతాయి. మళ్ళీ అంటిస్తారు. ఇంతకీ సంగతేమిటంటే, ఆ గోడలకి పూసిన రంగు అలాంటిలాంటి రంగు కాదట. ఒక్క మేకు దిగినా కంపెనీవారి గ్యారంటీ రద్దయిపోతుందట. అంటే గోడ బాగుండాలంటే గోడని గోడలా వాడకూడదన్నమాట.

నేను ఈ ఆఫీసులో జనరల్ సెక్షన్ సూపరింటెండెంటుని. పేరు కామేశం. పాత భవనంలో కౌన్సిలు హాలు గోడ నిండా మాజీ ఛైర్మన్ల ఫొటోలు ఉండేవి. టేకు చట్రాలు, గంధపు చెక్క దండలు, అద్దాల మీద ఎండిపోయిన బొట్లు. ఫొటోల వెనక బల్లులు తరతరాలుగా కాపురాలుండేవి. భవనం మారినప్పుడు ఆ ఫొటోల్ని లారీలో వేసుకొచ్చి కొత్త హాల్లో గోడకి ఆనించి కింద పెట్టాం. ఊరిని ఏలిన పెద్దలంతా బడికి ఆలస్యంగా వచ్చిన పిల్లల్లా గోడవారన నిలబడ్డారు.

వాళ్ళని ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న కమిషనర్ ఫణీంద్రనాథ్ గారి ముందుకి వెళ్ళింది. ఆయన ఏ ప్రశ్నకీ మామూలు మాటల్లో జవాబు చెప్పరు. ఆయన నోట మాట ఫైల్లోంచి వచ్చినట్టే వస్తుంది.

"ముద్రిత ఛాయాచిత్రం అనేది స్థల దుర్వినియోగానికి పరాకాష్ఠ, కామేశం గారూ. ఒక గోడ, ఒక మేకు, ఒక మనిషి. రంగు వెలుస్తుంది, చెద పడుతుంది, అద్దం పగులుతుంది. డిజిటల్ చట్రమైతే ఒక్కదానిలోనే అయిదువందల మంది ఛైర్మన్లకు వసతి కల్పించవచ్చు."

"అయిదువందల మంది ఛైర్మన్లు అయ్యేదాకా మన ఊరు ఉంటుందా సార్?"

"ముందుచూపు," అన్నారాయన. ఆ మాటతో ఫైలు ముగిసింది.

ఆయన్ని ఒక్కర్నీ అని లాభం లేదు. అప్పటికే ఊరంతా ఆ గాలి వీస్తోంది. మా ఇంట్లోనూ ఒక డిజిటల్ ఫ్రేము వెలిసింది. మా పెళ్ళి, మనవరాలి అన్నప్రాశన, తిరుపతి ప్రయాణం వరసగా వస్తూ, మధ్యలో మా ఆవిడ ఫోన్లోంచి పొరపాటున ఎక్కిన కరెంటు బిల్లు కూడా వస్తుంది. వచ్చిన చుట్టాలు కాఫీ తాగుతూ మా కరెంటు వాడకం మీద అభిప్రాయాలు చెబుతారు. జనం ఈ ఫ్రేముల వెంట ఎందుకు పడుతున్నారో నాకు అక్కడే అర్థమైంది. గోడకి ఫొటో పెట్టాలంటే ఎవరిది పెట్టాలో తేల్చుకోవాలి. మీవాళ్ళది పెట్టి మావాళ్ళది పెట్టలేదేమని ఇంట్లో గొడవ. ఫ్రేములో ఆ బాధ లేదు. అందరూ ఉంటారు. ఎవరూ నిలవరు. ఒకర్ని చూద్దామని మనం కళ్ళజోడు సర్దుకునేసరికి ఇంకొకరు వచ్చేస్తారు.

సరే, మా హాల్లో పెద్ద ఫ్రేము వచ్చింది. మేకు కొట్టకూడదు కనక దాన్ని నిలబెట్టడానికి స్టాండు వచ్చింది. స్టాండుని ఎవరూ తన్నకుండా చుట్టూ తాడు వచ్చింది. అన్నీ కలిపి పాత ఫొటోలన్నిటికంటే ఎక్కువ చోటే పట్టాయి. కంపెనీవాళ్ళు పాత ఫొటోల్ని కంప్యూటర్లోకి ఎక్కిస్తూ, ఉచితంగా బాగుచేసి పెట్టారు. జుట్టు నల్లబడింది, చెంపలు నిండాయి, అందరూ ఒకే తెలుపుకి వచ్చారు. చోటుకి కొదవ లేదు కాబట్టి ప్రస్తుత ఛైర్మన్ బలభద్రం గారు తన ఫొటో కూడా ఎక్కించుకున్నారు. పదవి దిగాకే గోడెక్కడం మా దగ్గర ఆనవాయితీ. "గోడకి ఆనవాయితీ గానీ ఫ్రేముకేంటండీ?" అన్నారాయన. వైస్ ఛైర్మన్ గారు కూడా ఎలాగో దూరారు. అసలు ఫొటోల్ని విరిగిన కుర్చీలతో పాటు వెనక స్టోర్ రూములో పడేశారు.

ప్రారంభోత్సవమై వారం తిరక్కుండానే మాణిక్యాంబ గారు వచ్చారు.

ఆవిడ మాజీ ఛైర్మన్ పేర్రాజు గారి భార్య. ఊళ్ళో మెట్టవీధికి కుళాయి నీళ్ళు తెచ్చింది ఆయనే. అంతకుముందు ఆ వీధి ఆడవాళ్ళు బిందెలు మోసుకుని కాలవకి వెళ్ళేవారు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఏటా వర్ధంతి రోజున ఆవిడ చామంతి దండ, కుంకుమ భరిణె పట్టుకుని ఆఫీసుకి వస్తారు. ఫొటోకి బొట్టు పెట్టి, దండ వేసి, కాసేపు నిలబడి, ఆయన్ని రెండు చివాట్లు పెట్టి వెళతారు. ఆ చివాట్లు ఎప్పుడూ ఒకటే. ఆ ఫొటోలో పేర్రాజు గారి చొక్కాకి పైనుంచి రెండో గుండీ లేదు. మెట్టవీధిలో మొదటిసారి నీళ్ళు వదిలే రోజున, ఆవిడ సూదీ దారం పట్టుకుని గుమ్మంలో అడ్డం నిలబడినా ఆగకుండా వెళ్ళిపోయారాయన. అక్కడే, కుళాయి పక్కనే, ఎవరో ఫొటో తీశారు. అదే గోడెక్కింది.

నేను ఆవిడని ఫ్రేము దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన వంతు వచ్చేదాకా నిలబడ్డాం. వచ్చింది.

"ఈయనెవరు బాబూ?" అన్నారావిడ.

"పేర్రాజు గారేనమ్మా."

ఆవిడ కళ్ళు చికిలించి దగ్గరికి వంగారు.

"ఈ గుండీ ఎవరు కుట్టారు?"

నేను జవాబు వెతుక్కునేలోపే పేర్రాజు గారు వెళ్ళిపోయారు. మళ్ళీ వంతు వచ్చేదాకా ఆగి, ఆవిడ ఈసారి గబగబా నుదుటి మీద బొట్టు పెట్టి, దండ వేసి, చేతులు జోడించారు. కళ్ళు తెరిచేసరికి ఆ బొట్టు, ఆ దండ పేర్రాజు గారిని రెండు ఎన్నికల్లో ఓడించిన కరణం భూషయ్య గారి మీద ఉన్నాయి. భూషయ్య గారి ముఖం కాస్త పొడుగు. బొట్టు ఆయన ముక్కు మీదకి వచ్చింది.

"ఈయనకి నేను దండెయ్యడమేంటి? మా ఆయన చూస్తే ఊరుకుంటారా?" అంటూ ఆవిడ దండ తియ్యబోయేసరికి భూషయ్య గారు కూడా వెళ్ళిపోయారు. ఆయన తర్వాత బలభద్రం గారు వచ్చారు. బొట్టు సరిగ్గా నుదుటి మీద కుదిరింది. చామంతి దండ మెడలో నిండుగా ఉంది. సరిగ్గా అప్పుడే అసలు బలభద్రం గారు సతీసమేతంగా హాల్లోకి అడుగు పెట్టారు.

మా వైపు దండ మనిషి మెడలో పడితే సన్మానం, ఫొటోకి పడితే సంతాపం. ఛైర్మన్ గారి భార్య ఒక్క కేక పెట్టి కుర్చీలో కూలబడింది. బలభద్రం గారు తన ఫొటోని చూసుకుని, తన ఛాతీ తడుముకుని, నా వైపు తిరిగారు.

"ఏవండీ సూపరింటెండెంటు గారూ, నేను ఉన్నానా?"

"ఉన్నారండీ," అన్నాను.

"మరైతే అదేంటండీ?"

మాణిక్యాంబ గారు దండ తీసి చేతికి చుట్టుకున్నారు. ఆవిడకి కోపం రాలేదు. వచ్చినా బాగుండేది. "ఏడాదికి ఒక్కసారి వస్తాను నాయనా. ఇంత దండ వేసి పోతాను. దానికి కూడా చోటు లేకపోతే ఎలా? వచ్చే ఏటికైనా తేల్చి పెట్టండి," అని వెళ్ళిపోయారు. వాకిట్లో ఒక ఆవు ఆ దండకేసి మెడ చాస్తే దానికి కూడా పెట్టలేదు. ఇంటికి తీసుకెళ్ళిపోయారు.

ఛైర్మన్ గారు మూడు రోజులు సెలవు పెట్టి ఇంట్లో మృత్యుంజయ హోమం చేయించుకున్నారు. తిరిగొచ్చిన రోజునే కమిషనర్ గారి సర్క్యులరు వెలువడింది. దాన్ని టైపు చేయించింది నేనే కనక ముక్కముక్కా గుర్తుంది.

"సదరు డిజిటల్ చట్రమునందు దివంగతుల ముఖబింబము దర్శనమిచ్చు వ్యవధియందు మాత్రమే పుష్పమాల అలంకరించవలెను. సజీవుల ముఖబింబము ప్రత్యక్షమగుటకు పూర్వమే సదరు మాలను తొలగించవలెను. ఇందు నిమిత్తము ఒక బాధ్యుని నియమించడమైనది."

ఆ బాధ్యుడు అటెండరు గంగులు. పొద్దున్న పది గంటలకి దండ పట్టుకుని ఫ్రేము పక్కన నిలబడేవాడు. దివంగతులు రాగానే వేసేవాడు, సజీవులు రాబోతుండగా లాగేసేవాడు. ఒకరి తర్వాత ఒకరు పది సెకన్లకోసారి మారిపోతుంటే, పిండి రుబ్బేవాడిలా వాడి చెయ్యి ఆగేది కాదు. పన్ను కట్టడానికి వచ్చిన జనం కట్టడం మానేసి వీణ్ణి చూస్తూ నిలబడిపోయేవారు. వారం తిరిగేసరికి వాడి భుజం వాచింది.

"అయ్యగారండీ, పోయినోళ్ళనీ ఉన్నోళ్ళనీ కలిపేశారండి. పోయినోళ్ళందర్నీ ఒకేపుకి సర్దేత్తే నాకు తేలికైపోద్దండి, ఆయ్," అన్నాడు.

ఆ మాట నేను ఫైల్లో పెట్టాను. జవాబు వచ్చింది. ఛైర్మన్ల వరస కాలక్రమానుసారం నిర్ణయించబడినదనీ, మరణం ప్రాతిపదికగా సీనియారిటీని సవరించే నిబంధన ఏదీ లేదనీ.

ఒకరోజు గంగులుకి తుమ్ము వచ్చింది. తుమ్మేసరికి దండ బలభద్రం గారి మీదే ఉండిపోయింది. ఆయన మళ్ళీ చూశారు. ఇక మనిషి మీద నమ్మకం లేదని తేల్చి, ఇంజనీరు గారు కప్పీ, తాడు, చిన్న మోటారు అమర్చి, దండ దానంతట అదే దిగి దానంతట అదే లేచే ఏర్పాటు చేశారు. ఓల్టేజి సరిగ్గా ఉన్నంతసేపూ అది బాగానే పనిచేసింది. ఓల్టేజి తగ్గిన ఒక మధ్యాహ్నం దండ వైస్ ఛైర్మన్ గారి మీద సగం దిగి ఆగిపోయింది. ఆయన దాన్ని కాసేపు చూసి, సగం రోజు సెలవు పెట్టి ఇంటికి వెళ్ళిపోయారు.

అప్పుడు కమిషనర్ గారికి పరిష్కారం తట్టింది. ఫొటో డిజిటల్ అయినప్పుడు దండ మాత్రం పూలదెందుకు?

కంపెనీ తరఫున ఒక నిపుణుడు వచ్చాడు. మెడలో టై, చేతిలో లాప్‌టాపు. "దండ లోపలే పడుతుంది సార్. బంతి, చామంతి, మల్లె, ఏది కావాలంటే అది. బొట్టు కూడా వస్తుంది. వాడదు, కుళ్ళదు. ప్రతి పేరుకీ సజీవులా, దివంగతులా అని మీరు ఒక్కసారి చెబితే చాలు."

నేను పేర్లు చదువుతూ దివంగతులు, దివంగతులు అని చెప్పుకుంటూ పోతుంటే కమిషనర్ గారు చెయ్యి ఎత్తారు.

"ఏ ప్రాతిపదికన చెబుతున్నారు?"

"పోయారు కదండీ."

"పోవడం వేరు, ధ్రువీకరణ వేరు. మరణ ధ్రువీకరణ పత్రం లేనిదే ఎవరికీ మాల వేయడానికి వీల్లేదు. పొరపాటున ఒక సజీవునికి మాల పడడం వల్ల ఈ సంస్థ ఇప్పటికే ఎంత అప్రదిష్ట పాలైందో తమకు తెలియనిది కాదు."

అందరికీ పత్రాలు దొరికాయి. భూషయ్య గారికి కూడా దొరికింది. పేర్రాజు గారికి మాత్రం లేదు.

ఎందుకు లేదో ఊళ్ళో అందరికీ తెలుసు. ఆయన అవతలి ఒడ్డున పెళ్ళికి వెళుతూ, గోదావరి నడిమధ్య, పడవలో పోయారు. తమ్ముడి భుజం మీద తల వాల్చి, నిద్రపోతున్నారనుకునేంత నెమ్మదిగా పోయారు. మా ఒడ్డున అడిగితే, "ఇక్కడ పడవెక్కినప్పుడు ఆయన బతికే ఉన్నారు, మా పరిధిలో జరగలేదు," అన్నారు. ఆ ఒడ్డు పంచాయతీ వాళ్ళు, "మా రేవులో దిగింది శవం, మనిషి మా దగ్గరికి రానే లేదు," అన్నారు. ఇల్లూ పొలమూ మొదటినుంచీ మాణిక్యాంబ గారి పేరనే ఉండడంతో, ఆవిడకి ఆ కాగితంతో పని పడలేదు. నాలుగుసార్లు తిరిగి మానేశారు.

"సార్, ఆయన పోయినప్పుడు ఊరంతా శవం వెంట నడిచింది. మన ఆఫీసుకి సెలవిచ్చారు. కౌన్సిలు సంతాప తీర్మానం కూడా చేసింది," అన్నాను.

"సంతాపం భావోద్వేగం, కామేశం గారూ. మరణం రికార్డు," అన్నారు కమిషనర్ గారు. నిపుణుడి వైపు తిరిగి, "పేర్రాజు గారు సజీవులు," అని చెప్పారు.

ఫ్రేములో దండలు పడ్డాయన్న కబురు విని మాణిక్యాంబ గారు వర్ధంతి దాకా ఆగలేక చూడ్డానికి వచ్చారు. పోయినవాళ్ళందరి మెడల్లోనూ పసుపుపచ్చటి చామంతులు మెరుస్తున్నాయి. పేర్రాజు గారు ఒక్కరే నల్లటి జుట్టుతో, నిండు గుండీలతో, బోసి మెడతో వచ్చి వెళ్ళారు.

"అందరికీ వేసి ఈయన దగ్గరికొచ్చేసరికే పూలైపోయాయా?" అని ఆవిడ అడిగారు.

కమిషనర్ గారు అక్కడే ఉన్నారు. మర్యాదగా చేతులు కట్టుకుని చెప్పారు. "రికార్డుల ప్రకారం తమరి భర్త గారు సజీవులమ్మా. సంస్థ తరఫున నా శుభాకాంక్షలు."

ఆవిడ ఆయన వైపు తిరిగారు.

"బతికే ఉంటే ఇంటికి ఎందుకు రావట్లేదో కూడా మీ రికార్డులో ఉందా బాబూ?"

అది తన పరిధిలోకి రాదని కమిషనర్ గారు చెప్పారు. ఆవిడ మెట్లు దిగుతుంటే నేను చెయ్యి పట్టుకుని దింపాను. పాత ఫొటో ఏమైందని అడిగితే, వెనక స్టోర్ రూములో ఉందని చెప్పాను. నా ఒళ్ళు మండిపోయింది. కానీ సూపరింటెండెంటు ఒళ్ళు మండితే ఆఫీసులో దానికి ఫైలు ఉండదు.

అక్కడితో ఆగినా బాగుండేది. మా చోట ఒక మనిషి బతికి ఉన్నాడని తేలితే ఊరికే వదిలిపెట్టరు. మాజీ ఛైర్మన్లతో సలహా సంఘం ఒకటుంది. సజీవులైన మాజీలంతా అందులో సభ్యులు. పేర్రాజు గారికి సమావేశానికి రమ్మని కబురు వెళ్ళింది. రాలేదు. ఇంకోసారి వెళ్ళింది. రాలేదు. వరసగా గైర్హాజరైనందుకు సంజాయిషీ అడుగుతూ నోటీసు వెళ్ళింది. దానికీ సమాధానం లేకపోతే, "పెద్దమనిషి అలిగినట్టున్నారు," అని కమిషనర్ గారు నిజంగానే బాధపడ్డారు. పాపం, ఆయన మంచివాడే. ఫైలు బయట ఏదీ కనపడదు, అంతే.

"సజీవులలో ఆయనే అందరికన్నా సీనియరు. డిజిటల్ చట్రం ప్రథమ వార్షికోత్సవానికి ఆయన్నే ముఖ్య అతిథిగా పిలుద్దాం. తేదీ కూడా వారి సౌకర్యాన్ని బట్టే పెడదాం. తమరు స్వయంగా వెళ్ళి ఆహ్వానించండి," అన్నారు.

నేను మెట్టవీధికి వెళ్ళేసరికి మాణిక్యాంబ గారు అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. సిగ్గుతో చచ్చిపోతూ ఆహ్వానం చదివాను. ఆవిడ చెయ్యి ఆపకుండా విన్నారు.

"ఆయన్నే రమ్మంటున్నారా?"

"ఆయన్నేనమ్మా."

"వస్తే దండేస్తారా?"

"ముఖ్య అతిథికి వెయ్యకుండా ఎలాగమ్మా?"

"ఎవరేస్తారు?"

"కమిషనర్ గారే, స్వయంగా."

ఆవిడ చేతిలోని చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. తర్వాత దాన్ని చేటలో పడేసి, చీర కొంగుతో చేతులు తుడుచుకున్నారు.

"తేదీ మా ఇష్టమేనన్నావు కదూ. ఆయన పోయిన రోజుంది చూడు, ఆ రోజైతే వీలవుతుందని రాసుకో. కారు పంపుతారా?"

"వారు ఎక్కడ ఉంటే అక్కడి నుంచి సగౌరవంగా తోడ్కొని రావాలని రాసుందమ్మా. బ్యాండు మేళం కూడా ఉంటుంది."

"అయితే వస్తారులే," అన్నారావిడ.

వార్షికోత్సవం రోజున హాలు కిటకిటలాడింది. కమిషనర్ గారు వేదిక మీద, బలభద్రం గారు ఆయన పక్కన, మధ్యలో పట్టుగుడ్డ కప్పిన పెద్ద కుర్చీ ఖాళీగా. కింద మెట్టవీధి జనం చాలామంది వచ్చారు. ఎవరు పిలిచారో నాకు తెలియదనే చెబుతాను. ఆఫీసు వాకిట్లో కారు, బ్యాండు మేళం సిద్ధంగా ఉన్నాయి. మాణిక్యాంబ గారు ఇస్త్రీ చీర కట్టుకుని కారు ముందు సీట్లో కూర్చున్నారు.

"ఎక్కడికి పోనియ్యమంటారమ్మా?" డ్రైవరు అడిగాడు.

"మీ స్టోర్ రూముకి."

కారు భవనాన్ని చుట్టి వెనక్కి వెళ్ళింది. బ్యాండువాళ్ళు వాయించుకుంటూ వెంట నడిచారు. గంగులు స్టోరు తలుపు తీసి, విరిగిన కుర్చీల కిందనుంచి పేర్రాజు గారిని బయటికి లాగాడు. అద్దం మీద వేలెడు దుమ్ము, చట్రం వెనక బల్లి గుడ్లు. ఆవిడ కొంగుతో అద్దం తుడిచారు. నెరిసిన జుట్టు, నవ్వీ నవ్వని ముఖం, లేని గుండీ. అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

"రండి, మీ కోసం బ్యాండు పెట్టారు," అన్నారావిడ.

వెనక సీట్లో ఆయన్ని కూర్చోబెట్టుకుని కారు మళ్ళీ ముందుకి వచ్చింది. గంగులు ఫొటోని రెండు చేతులా ఎత్తుకుని వేదికెక్కి, పట్టుగుడ్డ కుర్చీలో, వెనక ఒక దిండు ఆసరా పెట్టి నిలబెట్టాడు. గులాబీ దండతో ఎదురొచ్చిన కమిషనర్ గారు ఆగిపోయారు.

"ఇదేమిటి కామేశం గారూ?"

"ముఖ్య అతిథి గారు సార్."

"ఇది ఫొటో!"

మాణిక్యాంబ గారు మెట్లెక్కి వచ్చి కుర్చీ పక్కన నిలబడ్డారు. "ఆయన బతికున్నారని మీరే చెప్పారు కదా బాబూ. మీ మాట కాదనగలనా? మీ ఆఫీసులో మిగిలిన ఆయన ఇంతే. ఇదిగో, తీసుకొచ్చాను."

కమిషనర్ గారి ముఖంలో ఫైళ్ళు తిరగడం నాకు స్పష్టంగా కనిపించింది. ఇది ఫొటో మాత్రమే అంటే, మనిషి ఎక్కడ అన్న ప్రశ్న వస్తుంది. మనిషి లేడంటే రికార్డు తప్పవుతుంది. రికార్డు తప్పయితే ఆ రికార్డుని బట్టి పంపిన ఆహ్వానం, సంజాయిషీ నోటీసు, ఈ సభ, ఈ బ్యాండు మేళం, అన్నీ తప్పే. చెమట తుడుచుకున్నారు. గొంతు సవరించుకున్నారు.

"నిబంధనల ప్రకారం అభ్యంతరం కనిపించుట లేదు," అని, వంగి, పేర్రాజు గారికి దండ వేశారు.

హాల్లో చప్పట్లు మొదలవబోయి ఆగిపోయాయి. వెనక వరసలో మెట్టవీధి ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. వాళ్ళని చూసి ముందువాళ్ళు, ఆఖరికి బలభద్రం గారు కూడా లేచారు. కొందరు చేతులు జోడించారు. పురపాలక సంఘంలో ఇన్నేళ్ళు పనిచేసి, మొదటిసారి ఒక పని సవ్యంగా జరగడం చూశాను. అదీ తప్పుడు కారణంతో.

తర్వాతి అంశం ముఖ్య అతిథి ప్రసంగం. కమిషనర్ గారు మైకు తీసుకెళ్ళి ఫొటో ముందు పెట్టి, తన చోట కూర్చున్నారు. అందరం ఎదురు చూశాం. ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. చాలాసేపటికి ఆయన నా చెవిలో, "ముఖ్య అతిథి ప్రసంగించనిదే సభ ముగించడానికి వీల్లేదు కదా?" అన్నారు.

"వీల్లేదండీ. వాయిదా వెయ్యవచ్చు."

"వాయిదా వేస్తే?"

"మళ్ళీ సమావేశమయ్యేదాకా ఎవరి స్థానాల్లో వారు ఉన్నట్టే లెక్క సార్. ఆయన్ని కుర్చీలోంచి కదపకూడదు. వచ్చే ఏడు ఇదే రోజున కొనసాగించుకోవచ్చు."

ఆయన నా ముఖంలోకి ఒక్కసారి పరీక్షగా చూశారు. నేను కూడా ఆయనకేసి ఆఫీసు ముఖంతోనే చూశాను. "తదనుగుణంగా చర్య తీసుకోండి," అన్నారు.

సభ వాయిదా పడింది. ఆ కబురు ఊళ్ళో పాకి, మర్నాటి నుంచే భూషయ్య గారి కొడుకులు నా చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. మా నాన్నగారి మరణ పత్రం రద్దు చెయ్యండి, ఆయన్ని కూడా కుర్చీలో కూర్చోబెట్టుకుంటాం అని. అర్జీ తీసుకున్నాను. పరిశీలనలో ఉంది.

సభ జరిగిన సాయంత్రం మాత్రం జనమంతా వెళ్ళాక హాల్లో ఆవిడా, గంగులూ, నేనూ మేం ముగ్గురమే మిగిలాం. మాణిక్యాంబ గారు భరిణె తీసి ఫొటోకి బొట్టు పెట్టారు. ఇంటి నుంచి తెచ్చిన చామంతి దండ గులాబీల మీద వేశారు. బొట్టు ఎవరి మీదికీ జారిపోలేదు. దండ ఎవరి మెడలోకీ మారలేదు. ఆవిడ అద్దం మీద, గుండీ లేని చోట, వేలు ఆనించారు.

"కుడతానుండండి అంటే విన్నారా? ఇప్పుడు చూడండి, ఇంతమందిలో ఇలాగే కూర్చున్నారు," అన్నారు. దండ సర్ది, "సర్లెండి, కూర్చోండి. మిమ్మల్నింక ఎవరూ లేపరు," అన్నారు.

గంగులు రోజూలాగే హాలు సర్ది ఫ్రేము స్విచ్చి కట్టేశాడు. ఛైర్మన్లందరూ ఒక్కసారిగా మాయమైపోయారు. పేర్రాజు గారు మాత్రం అలాగే కూర్చుని ఉన్నారు.